టేకు దుంగలు కొనేవాళ్ళు జాగ్రత్త... అడుగు రేటు కాదు, అడుగంటే ఏ అడుగో అడగండి

ఇల్లు కట్టుకుంటూ గుమ్మాలకి, కిటికీలకి టేకు దుంగలు కొందామనుకుంటున్న వాళ్ళు ఎవరన్నా ఉంటే ఇది చదివాకే కర్ర అడితికి వెళ్ళండి. కొంచెం పెద్దదే, మధ్యలో లెక్కలు కూడా ఉన్నాయి, కానీ ఆ లెక్క రాకే నేను 26 వేల పైన ఎక్కువ కట్టా, అందుకని ఓపిగ్గా చదవండి. అడితి పేరు, ఏరియా చెప్పను, అడగొద్దు. ఒక్కడి పేరు చెప్తే మిగతావాళ్ళంతా మంచోళ్ళు అనుకుంటారు, గొడవ అది కాదు.

మాది గుంటూరు, నల్లపాడు వైపు ఇల్లు కడుతున్నాం. సింహద్వారం నిలబెట్టడానికి పంతులుగారు ముహూర్తం పెట్టేశారు, చేతిలో పన్నెండు రోజులే ఉన్నాయి. మా వడ్రంగి బాబాయి ఏమన్నాడంటే, కోసిన సైజులు కొంటే బెరడు కింది మెత్తటి తెల్లకర్రకి రంగు పూసి అంటగడతారు, దుంగ కొని మన కళ్ళముందే కోయించుకుంటే చేవ (లోపలి గట్టి కర్ర) ఎంత, తెల్లకర్ర ఎంత మనకే తెలుస్తది అని. మాట కరెక్టే. గుంటూరులో ఒకచోట అడిగితే అడుగు 2,800 అన్నారు (కర్ర రేటులో అడుగంటే ఘనపుటడుగు, సీఎఫ్‌టీ). బెజవాడలో ఒక అడితిలో అదే రకం 2,400 అన్నారు. అడుక్కి 400 తేడా, మాకు పాతిక ముప్ఫై అడుగులు కావాలి, అంటే పది పన్నెండు వేలు మిగులుతాయి, ట్రాలీ ఆటో కిరాయి పోయినా లాభమే కదా అని నాన్నని తీసుకుని వెళ్ళిపోయా. బాబాయి ఆ రోజు వేరేచోట పనిలో ఉన్నాడు, ఫొటోలు పంపిస్తే చేవ బాగుంది తీసుకో అన్నాడు. ఫొటోలో చేవ కనపడుద్ది గానీ టేపు ఎక్కడ పెట్టారో కనపడదు కదండీ.

అక్కడ దుంగలన్నీ మొదలు మనవైపు, కొస గోడవైపు ఉండేలా పేర్చి ఉన్నాయి. అప్పుడు అది మామూలే అనుకున్నా. కుర్రాడొకడు టేపు మొదలు కింద నుంచి తీసి చుట్టి "యాభై నాలుగు" అని అరిచాడు, పొడవు పదడుగులు, గుమస్తా ఫోన్లో ఏదో కొట్టి "16.11 అడుగులు సార్" అన్నాడు. పాయింటు పక్కన రెండంకెలు చూసేసరికి నాకు పూర్తిగా నమ్మకం వచ్చేసింది, అంత కచ్చితంగా చెప్పేవాడు మోసం ఎందుకు చేస్తాడు అనుకున్నా. మా నాన్న మిర్చి యార్డులో టిక్కీ కాటా మీద అరకిలో తేడా వస్తే పెద్ద రచ్చ చేసే మనిషి, ఆయన కూడా ఇక్కడ చేతులు కట్టుకుని నిలబడ్డారు, ఎందుకంటే కర్ర లెక్క ఆయనకీ రాదు. అడిగితే తెలీదని తెలిసిపోద్దేమో అని మా ఇద్దరికీ మొహమాటం. మొత్తం మూడు దుంగలు, 40.33 అడుగులు, 96,792 అయింది, పైన 92 తీసేసి 96,700 ఇమ్మన్నాడు. ఆ 92 తీసేసినందుకు నాన్న థాంక్స్ కూడా చెప్పారు!

వారధి దాటి, మంగళగిరి మీదుగా, కాజ టోల్‌గేటు దాటించి గుంటూరులో మాకు దగ్గర్లో ఉన్న కోత మిల్లుకి తెచ్చాం. అక్కడ మేస్త్రీ పెద్దాయన, దుంగ దించుతుంటేనే "ఎన్నడుగులన్నాడు బాబూ ఇది" అన్నాడు. పదహారు అన్నా. ఆయన నవ్వలేదు, తిట్టలేదు, జేబులోంచి పురికొస తీశాడు. దుంగ నడిమధ్యన చుట్టి, ముడి దగ్గర గోరుతో పట్టుకుని, తీసి రెండు మడతలు, మళ్ళీ రెండు మడతలు పెట్టాడు. నాలుగు మడతలైన కొసని టేపు మీద పెడితే సరిగ్గా 12 అంగుళాలు. "పన్నెండు పన్నెండ్ల నూట నలభై నాలుగు, పొడవు పది, నూట నలభై నాలుగుతో కొట్టెయ్, పదడుగులు. ఇంతే నీ దుంగ" అన్నాడు. నాకు అర్థమయ్యేలోపే దుంగ ట్రాలీ మీదకెక్కి రంపం కిందకి వెళ్ళిపోయింది, ఫొటో తీసుకోవాలన్న బుద్ధి కూడా పుట్టలేదు.

ఇప్పుడు లెక్క. దీంట్లో రెండు విషయాలు కలిసిపోయి ఉన్నాయి, నేను ముందు రెండూ ఒకటే మోసం అనుకుని అరిచా, కాదు.

మొదటిది కొలిచే పద్ధతి. మన దగ్గర దుంగ వ్యాపారంలో పాత నుంచి ఉన్నది ఈ నాలుగు మడతల లెక్కే, దీన్ని హాపస్ కొలత అంటారు. 1736లో ఎడ్వర్డ్ హాపస్ అనే ఇంగ్లీషాయన దీనికి పట్టికలు అచ్చేశాడు, ఆయన పేరే మిగిలిపోయింది. చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దాంతోనే గుణించి, పొడవుతో గుణించాలి. చుట్టుకొలత అంగుళాల్లో, పొడవు అడుగుల్లో ఉంటే 144తో భాగిస్తే అడుగులు వచ్చేస్తాయి. కానీ దుంగ గుండ్రంగా కదా ఉండేది, స్కూల్లో చెప్పిన వృత్తం లెక్క వేస్తే చుట్టుకొలతని దాంతోనే గుణించి 12.57తో భాగించాలి. 48 అంగుళాల చుట్టుకొలతకి నాలుగు మడతల లెక్కలో 144 చదరపు అంగుళాలు వస్తే, వృత్తం లెక్కలో 183 వస్తాయి. అంటే అదే దుంగ ఒక లెక్కలో 10 అడుగులు, ఇంకో లెక్కలో 12.73 అడుగులు. గుండ్రటి దుంగని చదరంగా కోస్తే పక్కల చెక్కలు, పొట్టు ఎలాగూ పోతాయి కాబట్టి పాత పద్ధతి ఆ పోయేదాంట్లో కొంత కొనేవాడికి ముందే వదిలేస్తది. ఎంత వదులుద్దంటే అసలు దుంగలో నూటికి ఇరవై ఒకటిన్నర వంతు.

కాబట్టి వాడు వృత్తం లెక్క వేయడం తప్పు లెక్కేం కాదు, నిజం చెప్పాలంటే దుంగలో ఉన్న అసలు కర్ర అంతే. మోసం ఎక్కడుందంటే రేటు దగ్గర. గుంటూరాయన చెప్పిన 2,800 హాపస్ అడుగుకి. బెజవాడాయన చెప్పిన 2,400 వృత్తం అడుగుకి. దాన్ని 1.273తో గుణించి చూడండి, హాపస్ అడుగు 3,055 పడింది. తక్కువ అనుకుని వెళ్ళింది 255 ఎక్కువ! రెండు చోట్లా "అడుగు" అనే అంటారు, బిల్లు మీద కూడా సీఎఫ్‌టీ అనే రాస్తారు, కానీ ఆ అడుగు వేరు ఈ అడుగు వేరు. నేను రేట్లు పోల్చా, అడుగుల్ని పోల్చలేదు.

రెండోది మాత్రం పచ్చి మోసం. టేపు మొదట్లో పెట్టడం. చెట్టు మొదలు లావు, కొస సన్నం అని చిన్నపిల్లాడికి కూడా తెలుసు, అందుకే ఈ రెండు లెక్కల్లోనూ చుట్టుకొలత నడుము దగ్గర తీస్తారు. మా పెద్ద దుంగ మొదట్లో 54, నడుము 48. ఆరు అంగుళాలే కదా అనిపిస్తది, కానీ దాన్ని దాంతోనే గుణిస్తాం కాబట్టి తేడా కూడా గుణకారమై కూర్చుంటది, 12.73 రావాల్సింది 16.11 వచ్చింది. మిగతా రెండూ అంతే. ఎనిమిదడుగులది మొదట్లో 48, నడుము 44. పన్నెండడుగులది మొదట్లో 46, నడుము 40. నడుము కొలతతో వృత్తం లెక్కే వేసినా మూడూ కలిపి 31.90 అడుగులు రావాలి, బిల్లేమో 40.33. అంటే ఎనిమిదిన్నర అడుగులు గాలికి కట్టా, 20 వేల పైమాటే. హాపస్ ప్రకారం అయితే మూడూ కలిపి 25.05 అడుగులే, గుంటూరు రేటుకి కొన్నా 70,140తో అయిపోయేది.

తర్వాత మూడు దుంగలూ కోశాక అన్ని సైజులూ కలిపి లెక్కేస్తే 19 అడుగులు వచ్చాయి. ఇది తక్కువేం కాదు, గుండ్రటి దుంగలోంచి మంచి మేస్త్రీ కోసినా ఇంచుమించు ఇంతే వస్తది అన్నారు. కానీ 96,700ని 19తో భాగిస్తే అడుగు దాదాపు 5,090 పడింది, కోత కూలి, ట్రాలీ ఆటో కిరాయి కాకుండా. ఆ అంకె చూసిన రాత్రి నాకు అన్నం దిగలేదు.

అంతకుముందే, పెద్ద దుంగ కోసిన మర్నాడు, ఒక్కణ్ణే ఆ అడితికి వెళ్ళా. మిగిలిన రెండు దుంగలు అప్పటికి కొయ్యలేదు, ఆపించి, నడుము మీద టేపు పెట్టి అంకె కనపడేలా ఫొటోలు తీసుకుని వెళ్ళా. ఓనరు ముందు "అందరూ ఇట్టాగే కొలుస్తారండీ" అన్నాడు. అందరూ మొదట్లోనే కొలుస్తారా అంటే మాట మార్చి, మీరు ఎదురుగా ఉండే కదా కొలిచాం అన్నాడు. అదీ నిజమే, ఎదురుగానే ఉన్నాం, ఏం లాభం. బిల్లు చూస్తే "టేకు రౌండ్స్ 40.33 సీఎఫ్‌టీ" అని ఒక్క లైను, ఏ దుంగ ఎంత పొడవు, ఎంత చుట్టు అని ఎక్కడా లేదు, కాబట్టి కాయితం మీద వాడిని పట్టుకోవడానికి ఏం లేదు. తూనికలు కొలతల శాఖకి వెళ్తా అన్నాక గొంతు తగ్గింది. అసలు 2009 లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం అమ్మకాలు మెట్రిక్ కొలతల్లో జరగాలి, అంటే కర్ర ఘనపు మీటర్లలో, ఈ అడుగుల బిల్లే రూలుకి విరుద్ధం. ఆ ముక్క అన్నాక కూర్చోబెట్టి టీ చెప్పించాడు. చివరికి ఫొటోలున్న రెండు దుంగలకి మొదలు-నడుము తేడా ఐదడుగులకి 12,000 వెనక్కిచ్చాడు. పెద్ద దుంగ సంగతేంటి అంటే "కోసేసినదానికి కొలతేందండీ" అన్నాడు. వృత్తం లెక్క గురించైతే నోరే మెదపలేదు, "మా దగ్గర లెక్క అదే" అంతే. ముహూర్తం దగ్గర పడుతుంటే ఇంకా తిరిగే ఓపిక లేక వచ్చేశా.

సరే, వెళ్ళేవాళ్ళు చెయ్యాల్సింది చెప్తా. రేటు అడిగేముందే "మీ అడుగు హాపసా, ఫుల్లా" అని అడగండి, ఆ ప్రశ్న వింటేనే వాళ్ళకి మీరెవరో అర్థమైపోద్ది. ఫుల్లు (వృత్తం లెక్క) అంటే రేటుని 1.273తో గుణించుకుని అప్పుడు వేరేవాళ్ళ రేటుతో పోల్చండి. దుంగని పేర్పులోంచి బయటికి లాగించి, పొడవు కొలిచి, సగం దగ్గర సుద్దతో గీత పెట్టి, అక్కడే టేపు చుట్టించండి. టేపు ఏటవాలుగా పోకుండా చూడండి, వంకరగా చుడితే అంగుళం ఊరికే పెరుగుద్ది. బెరడు ఉంటే గీత దగ్గర చెక్కించి కొలవాలి. అరంగుళం మందం బెరడు ఉందనుకోండి, చుట్టుకొలతలో మూడంగుళాల పైన అదే తినేస్తది, పదడుగుల దుంగ కాస్తా హాపస్‌లో 8.7 అడుగులకి వచ్చేస్తది. మా దుంగలకి బెరడు ఒలిచేసే ఉంది, ఆ ఒక్కటీ నయం. పొడవు కూడా చివర వంకరగా కోసి ఉంటే పొట్టి వైపు తీసుకోండి, తొమ్మిది అడుగుల ఎనిమిది అంగుళాల్ని పది అనడం మామూలే వాళ్ళకి.

బిల్లులో దుంగ దుంగకీ పొడవు, చుట్టు, అడుగులు విడివిడిగా రాయించుకోండి. రాయను అంటే అక్కణ్ణించి వచ్చేయండి, అంతకంటే చెప్పేదేం లేదు.

ఇంకోటి, మా అడితాయన ఇది బర్మా టేకు అని కూడా అన్నాడు. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచే దుంగల ఎగుమతి ఆపేసింది. ఇప్పుడు గుండ్రటి దుంగ చూపించి బర్మా అంటే ఎప్పటి స్టాకు, కాయితాలేవి అని అడగండి. ఘనా, ఈక్వెడార్ నుంచి వచ్చే టేకు దుంగలు బోలెడు, అవి చెడ్డవని కాదు, కానీ ఆ పేరుకి ఆ రేటు కట్టడం ఎందుకు.

దుంగ గొడవ వద్దు కోసిన సైజులే కొంటాం అనేవాళ్ళకి లెక్క సులువు, వెడల్పు మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో గుణించి 144తో భాగించడమే. 5 బై 3 ద్వారబంధం 18 అడుగుల పొడవు పడితే 1.88 అడుగులు. అక్కడ చూసుకోవాల్సింది 3 అంగుళాలు అన్నది నిజంగా 3 ఉందా, రెండూ ముప్పావు ఉందా అని, టేపు జేబులో పెట్టుకుని వెళ్ళండి.

ఎవరికైనా ఇట్టాంటిదే జరిగి అడితివాళ్ళు అస్సలు వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, నేను ముహూర్తం హడావుడిలో చేయలేదు, చెయ్యాల్సింది. ఇప్పుడు తలుపు రెక్కలకి ఇంకో దుంగ కావాలి, వచ్చే ఆదివారం బాబాయినే వెంటబెట్టుకుని వెళ్తున్నా, నాన్న పురికొస ఇప్పటికే చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. లెక్క తెలీక ఇబ్బంది పడేవాళ్ళు దుంగ పొడవు, నడుము చుట్టుకొలత చెప్పండి, రెండు పద్ధతుల్లోనూ చేసి చెప్తా.