పాపన్న కోటల వెంట మూడు రోజులు, ఒక రాత్రి కథ

జనగామ దగ్గర సర్వాయి పాపన్న కోట ఉన్న ఖిలాషాపురం వెళ్లేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇది. కోట కంటే ముందు కథ చెప్పేవాళ్లను వెతకండి. రెండేళ్ల కిందట నేను ఆ పని చేయలేదు. బురుజులు, ముళ్లకంప, మేకలు చూసి అరగంటలో తిరుగు బస్సు ఎక్కాను. ఈ ఏడాది సంక్రాంతి వెళ్లిన వారానికి మళ్లీ వెళ్లాను. ఈసారి శారద కథ, అంటే శారద అనే వాయిద్యం మీటుతూ పాడే పాపన్న కథ, పెట్టించుకుని ఒక రాత్రంతా విన్నాను. పొద్దున లేచి అదే కోట చుట్టూ తిరిగితే, మొదటిసారి నేను అక్కడ చూసింది ఏమీ లేదని అర్థమైంది.

సర్వాయి పాపన్న గురించి చాలామందికి కొంత తెలుసు. కల్లుగీత కుటుంబంలో పుట్టి, ఔరంగజేబు చివరి రోజుల్లో, మొగలు అధికారులు దక్కనులో పట్టు నిలుపుకోలేకపోతున్న కాలంలో కోటలు కట్టి సైన్యాన్ని పెంచుకున్నవాడు. 1708లో వరంగల్లును కొట్టాడు, 1710లో పట్టుబడి చనిపోయాడు. పారసీ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఆయనను దొంగగానే రాశాడు. తెలంగాణ పల్లెలు ఆయనను పాటలో పెట్టుకుని మూడు వందల ఏళ్లు మోశాయి. 1874లోనే బాయిల్ అనే ఇంగ్లీషు అధికారి ఆ పాటను ఒక పత్రికలో అచ్చు వేయించాడు. ఇప్పుడు ఆగస్టు 18న ప్రభుత్వమే జయంతి జరుపుతోంది.

ప్రయాణం సంగతి. సికింద్రాబాదు నుంచి కాజీపేట వైపు వెళ్లే రైళ్లలో జనగామ దాకా వెళ్లడం తేలిక. పాసింజరు దొరికితే రఘునాథపల్లిలోనే దిగవచ్చు. నేను జనగామలో దిగాను. స్టేషను బయట టిఫిను బాగుంది, వేడి ఇడ్లీ, పల్లీ చట్నీ, పక్కన అల్లం చట్నీ అడగకుండానే వేశారు. అక్కడి నుంచి ఖిలాషాపురం పోయి రావడానికి, అక్కడ ఆగి ఉండటానికి కలిపి ఆటో అతను ఎనిమిది వందలు అడిగి ఏడు వందలకు ఒప్పుకున్నాడు. నేను ఆ రాత్రి ఊళ్లోనే ఉండిపోతానని చెప్పగానే మూడు వందలు తగ్గించుకున్నాడు. అలాంటి మనిషి దొరికితే ఫోను నంబరు తీసుకోండి, రెండో రోజు కూడా అతనే పనికొచ్చాడు.

ఊరి పేరులోనే కోట ఉంది. ఖిలా అంటే కోట. ఖిలా షాపూర్ నాలుకల మీద నలిగి ఖిలాషాపురం అయింది. ఇళ్ల మధ్యలోనే గోడ మొదలవుతుంది. ఒక ఇంటి పెరటి గోడ కోటగోడే, దానికి మేకు కొట్టి బట్టలు ఆరేసే తీగ కట్టారు. మూలల్లో గుండ్రటి బురుజులు, పైన పళ్ల వరుసలాంటి కంగురులు. బురుజు గోడలో అరచేయి పట్టేంత సందులు ఉన్నాయి. తుపాకి గొట్టం పెట్టి కాల్చడానికి వదిలినవి. ఒక సందులో తల పెట్టి చూశాను. ఆ సందు తిన్నగా ఎదుటికి లేదు, కిందికి వాలి ఉంది. గోడ దగ్గరికి చేరినవాడు కూడా గురికి దొరకాలని అలా వాల్చారు. కట్టించినవాడికి ముట్టడి అంటే ఏమిటో అనుభవంతో తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది? హైదరాబాదును ఏలే మొగలు సుబేదారుకు నాయబుగా, అంటే ఉప అధికారిగా ఉన్న రుస్తుం దిల్ ఖాన్ మొదటిసారి వచ్చి రెండు నెలలు ముట్టడించి పాత కోటను పేల్చివేసి పోతే, పాపన్న తిరిగి వచ్చి రాతితో మళ్లీ కట్టాడు.

ఆ రాతిగోడ ఇప్పుడు ఉన్న తీరు చూస్తే కడుపు తరుక్కుపోయింది. బురుజు పగుళ్లలో రావి మొక్కలు వేళ్లు దించుతున్నాయి. రావి వేరు సన్నగా ఉన్నప్పుడు పీకేస్తే పోతుంది, మణికట్టు లావయ్యాక రాయిని తోసేస్తుంది. నేను చూసిన రెండు వేళ్లు అప్పటికే ఆ లావుకు వచ్చాయి. ఏడాదికి ఒకసారి ఇద్దరు కూలీలు నిచ్చెన వేసుకుని చేసే పని అది. లోపల సీసా పెంకులు ఉన్నాయి, చెప్పులు తీయకండి. మరుగుదొడ్డి లేదు, నీళ్లు వెంట తెచ్చుకోవాలి. ఇవన్నీ చెప్పి కూడా, ఈ ప్రయాణంలో తప్పక చూడాల్సిన చోటు ఏదంటే ఇదే అంటాను.

కథ చెప్పే దంపతులు పక్క మండలం నుంచి సాయంత్రం బస్సుకు వచ్చారు. ఊళ్లో పరిచయమైన ఒక ఉపాధ్యాయుడి ద్వారా వారం ముందే మాట్లాడుకున్నాం. మూడు వేలు, రెండు పూటల భోజనం, వెళ్లేటప్పుడు ఐదు కిలోల బియ్యం. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, ఎంత ఇవ్వాలో తెలియక పట్నం నుంచి వచ్చేవాళ్లు ఐదు వందలు చేతిలో పెట్టి వీడియో తీసుకుని పోతున్నారట. దయచేసి ఆ పని చేయకండి. ఫోనులో రికార్డు చేసుకోవచ్చా అని అడిగి, వాళ్లు సరే అన్నాకే తీయండి.

ఉపాధ్యాయుడి ఇంటి ముందు వాకిట్లో చాప పరిచారు. పెద్దాయన భుజాన శారద పెట్టుకున్నాడు. తంబుర లాంటి వాయిద్యం, దాని మెడ దగ్గర చెక్క చేతి రాపిడికి నున్నగా, నల్లగా మెరుస్తోంది. "ఎన్నేళ్లది తాతా" అని అడిగితే, "మా నాయన భుజం మీద కూడా ఇదే ఉండేది బిడ్డా" అన్నాడు. భార్య గుమ్మెట అందుకుని వంత పాడింది. గణపతి ప్రార్థన అయ్యాక, తల్లి సర్వమ్మ కొడుకును తాటిచెట్టు ఎక్కమని బతిమాలే చోటు మొదలైంది. కులవృత్తి చేసుకుని బతకమని తల్లి, చెట్టు కాదు గోలకొండ ఎక్కుతానని కొడుకు. ఆ సంవాదం ముప్పావు గంట నడిచింది. తల్లి మాటలన్నీ ఆవిడ పాడింది. ఆవిడ గొంతులో ఆ తల్లి భయం ఎంత నిజంగా పలికిందంటే, ఎదురుగా కూర్చున్న ఇద్దరు ముసలమ్మలు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

తరువాత పాపన్న తోడు కూడగట్టుకునే ఘట్టం. హసన్, హుసేన్, దూదేకుల పీరు, కొత్వాల్ మీర్ సాహెబ్, చాకలి సర్వన్న, కుమ్మరి గోవిందు, మేదరి ఎంకన్న. ఒక్కొక్క పేరుకు గుమ్మెట ఒక దెబ్బ. పేరు ముందు వృత్తి, వృత్తి వెంట మనిషి. ఆ పేర్ల వరుస పాడుతున్నంతసేపూ వాకిట్లో ఎవరూ కదలలేదు. పాట ఎందుకు మూడు వందల ఏళ్లు బతికిందో నాకు అక్కడ తెలిసింది. వింటున్న ప్రతి ఇంటి పేరూ, ఏదో ఒక రూపంలో, ఆ వరుసలో ఉంది.

తెల్లవారుజామున మూడింటికి ఆపారు. కోట కట్టడం దాకానే వచ్చింది కథ. మొత్తం మూడు రాత్రుల కథ అని అప్పుడు చెప్పారు. వరంగల్లు దోపిడీ రెండో రాత్రి, చావు మూడో రాత్రి. ఒక్క ముక్క, చివరిది, ఇప్పుడే పాడతారా అని అడిగాను. పెద్దాయన శారదకు గుడ్డ చుడుతూ తల అడ్డంగా ఊపాడు. వరుస తప్పి పాడకూడదట.

రెండో రోజు తాటికొండ. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఊరు, నిన్నటి ఆటోనే. పాపన్న మొదట కోట కట్టుకున్నది ఇక్కడి గుట్ట మీదే, చివరి ముట్టడి జరిగిందీ ఇక్కడే. ఎక్కడానికి నలభై నిమిషాలు పట్టింది, దారి సరిగా లేదు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కింద నుంచే చూడటం మంచిది. తొమ్మిదింటిలోపు ఎక్కి దిగాలి, ఆ తరువాత బండ కాలుతుంది. పైన గోడల ముక్కలు మిగిలాయి. కానీ పై నుంచి చూస్తే ఆ మనిషి ఈ గుట్టను ఎందుకు ఎంచుకున్నాడో ఎవరూ చెప్పనక్కరలేదు. హైదరాబాదుకు, వరంగల్లుకు మధ్య నడిచే దారి అంతా కళ్ల ముందు పరుచుకుని ఉంటుంది. వర్తకుల బండ్లు ఎటు పోతున్నాయో ఇక్కడ కూర్చుని లెక్కపెట్టవచ్చు.

గుట్ట దిగువన ఒక గీత కార్మికుడు చెట్టు దిగుతున్నాడు. నడుముకు ముస్తాదు, దాన్ని చెట్టుకు చుట్టే మోకు, చేతిలో లొట్టి. మోకును ఒక్క విదిలింపుతో పైకి జరిపి, పాదాలతో చెట్టును పట్టి, మళ్లీ విదిలింపు. అడిగితే ఇంకోసారి ఎక్కి చూపించాడు. వరంగల్లు గోడలను పాపన్న మనుషులు తాళ్లు వేసి ఎక్కారని చదివినప్పుడు అదేదో యుద్ధ విద్య అనుకున్నాను. ఈ మనిషి రోజుకు ఎన్నో చెట్లు అలాగే ఎక్కుతున్నాడు.

ఆ రాత్రికి హనుమకొండ చేరాను. ఇక్కడ ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. బస్టాండుకు దగ్గర అని, ఆన్‌లైనులో ఫొటోలు చూసి, ఒక లాడ్జిలో 1,300కు గది తీసుకున్నాను. గుట్ట ఎక్కి దిగిన ఒళ్లు, వేడినీళ్లు లేవు. పొద్దున ఆరింటికి వస్తాయన్నారు, ఎనిమిదింటికీ రాలేదు. దుప్పటికి మునుపటివాళ్ల సబ్బు వాసన. మార్చమంటే, అదే దుప్పటిని మడత మార్చి తెచ్చారు. మరుసటి రాత్రి నక్కలగుట్టలోని పర్యాటక శాఖ వారి హరిత కాకతీయకు మారాను. గది పాతదే అయినా శుభ్రంగా ఉంది, నీళ్లు వచ్చాయి, భోజనం ఇంటి భోజనంలా ఉంది. ఖర్చు కాస్త ఎక్కువైనా అక్కడే రెండు రాత్రులూ ఉండాల్సింది.

మూడో రోజు వరంగల్లు కోట. అందరూ కాకతీయ తోరణాలు, ఖుష్ మహల్ చూడటానికి వస్తారు, అవి చూడదగ్గవే. నేను మాత్రం మట్టికోట గోడ మీద ఎక్కువసేపు నిలబడ్డాను. 1708 ఏప్రిల్ 1, మొహర్రం పదో రోజు. ఊరంతా పీర్ల పండుగ హడావుడిలో ఉండగా, రెండు మూడు వేల కాలిబంటుతో, నాలుగైదు వందల గుర్రాలతో పాపన్న వచ్చిపడ్డాడు. దోపిడీ రెండు మూడు రోజులు సాగింది. డబ్బు, బట్టలు, వరంగల్లు తివాచీలు పోయాయి. మనుషులనూ పట్టుకుపోయారు. ఖాజీ భార్యను, చిన్నపిల్ల అయిన కూతురిని కూడా తీసుకుపోయారని ఖాఫీ ఖాన్ రాశాడు. ఆయన పాపన్నకు శత్రుపక్షం మనిషి, ఆయన మాటను ఆ లెక్కతోనే చదవాలి. అయినా ఆ పిల్ల సంగతి చదివినప్పటి నుంచి నన్ను వదల్లేదు. మొన్న రాత్రి పేర్ల వరుసకు ఒళ్లు పులకరించినవాణ్ణి నేనే, ఈ గోడ మీద నిలబడి కిందికి చూడలేకపోయినవాణ్ణీ నేనే. పాట వినేసి ఇంటికి పోయేవాళ్లు ఈ గోడ దగ్గరికి కూడా రావాలని నా కోరిక. ఇక్కడ ఈ సంగతి చెప్పే పలక ఒక్కటీ నాకు కనిపించలేదు. కాకతీయుల గురించి చక్కగా చెప్పిన గైడు కూడా పాపన్న పేరు ఎత్తలేదు. నేను అడిగితే, ఆయన వచ్చింది ఇక్కడికేనా అని తిరిగి నన్నే అడిగాడు.

అక్కడి నుంచి కొత్తవాడ వెళ్లాను. తివాచీలు ఇప్పుడు అరుదు, నేల మీద పరిచే దర్రీలు నేస్తున్నారు. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక మగ్గం దగ్గర ఎరుపు, నలుపు చారల దర్రీ కొన్నాను. సంఘం దుకాణాల్లో ధర రాసి ఉంటుంది, బేరం అక్కరలేదు. నేతగాళ్ల ఇంటి దగ్గర కొంటే ఆ డబ్బు నేరుగా వాళ్లకే చేరుతుంది.

తిరుగు దారిలో భువనగిరి. వరంగల్లును కొట్టిన 1708 వేసవిలోనే ఈ పట్నం మీదికి కూడా వచ్చాడు పాపన్న, వరంగల్లులో జరిగినట్టు ఇక్కడ జరగలేదు. ఏకశిల గుట్టకు మెట్లు ఉన్నాయి, టికెట్టు ఉంది, శుభ్రంగానూ ఉంది. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఈ దారిలో అన్నిటికంటే సుఖమైన చోటు. ఎండ ఎక్కిపోవడంతో నేను సగంలోనే దిగాను.

రైల్లో కూర్చుని 1709 గురించి ఆలోచించాను. ఔరంగజేబు తరువాత పాదుషా అయి హైదరాబాదుకు వచ్చిన బహదూర్ షాకు పాపన్న పద్నాలుగు లక్షలు సమర్పించి, దర్బారులో ఖిల్లతు అనే గౌరవ వస్త్రం కప్పించుకున్నాడు. గీత కార్మికుడి కొడుక్కు పాదుషా వస్త్రం. పట్నం పెద్దలు భగ్గుమన్నారు. షా ఇనాయత్ అనే గౌరవనీయుడు వెళ్లి ఫిర్యాదు చేశాడు, ఖాజీ ఇంటి సంగతీ అప్పుడే పాదుషా చెవిన పడి ఉంటుంది. హైదరాబాదు సుబేదారు యూసుఫ్ ఖాన్ సైన్యంతో బయలుదేరాడు. తాటికొండ పడిపోయింది, కాలికి గాయంతో పాపన్న హసనాబాదు దాకా పోయాడు. అక్కడ ఆయనను గుర్తుపట్టి పట్టించింది మరో కల్లుగీత మనిషేనని పారసీ పుస్తకం. పాటల్లోనేమో శత్రువు చేతికి చిక్కకుండా తన కత్తితోనే ప్రాణం తీసుకుంటాడట. ఖిలాషాపురం వాకిట్లో ఆ దంపతులు ఏది పాడతారో నాకు ఇంకా తెలియదు. వరంగల్లులో ఆ పిల్ల పాటలో ఉందో లేదో కూడా తెలియదు.

ఘట్‌కేసర్ దాటాక పెద్దాయనకు ఫోను చేశాను. మాఘమాసంలో పెళ్లిళ్లకు, కొలుపులకు ఒప్పుకుని ఉన్నారట. "శివరాత్రి పోయినంక రా బిడ్డా, రెండు రాత్రులు బాకీ ఉన్నాయి" అన్నాడు. వెనక నుంచి ఆవిడ ఏదో అంది. ఈసారి చలి ఉండదు గానీ దోమలు ఉంటాయి, దోమతెర తెచ్చుకోమందట.