వరదా, తుఫానా, రొయ్యల చెరువా: గోదావరి డెల్టా ఏ దెబ్బ నుంచి తేరుకుంటుంది?

ప్రకృతి కొట్టిన దెబ్బ మానుతుంది, మనిషి కొట్టింది మానదు అని తేలిగ్గా అనేస్తుంటాం. గోదావరి డెల్టాలో ఈ మాట సగమే నిలబడుతుంది. ఇక్కడ మనం తినే అన్నమే నదికి అడ్డంగా మనిషి వేసిన కట్ట పుణ్యం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే కాలువల కింద వరి స్థిరపడింది. ఆ ఆయకట్టు ఇప్పుడు దాదాపు పది లక్షల ఎకరాలు. కట్టించిన కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం. నది తరఫున మాట్లాడితే మాత్రం అది చిన్న దెబ్బేం కాదు.

అందుకని కొట్టిందెవరన్నది కాసేపు పక్కన పెట్టి, ప్రతి దెబ్బనీ రెండు ప్రశ్నలతో తూస్తాను. తగిలి ఆగిపోయిందా, ఇంకా తగులుతూనే ఉందా? తగిలాక నీటికీ ఒండ్రుకీ దారి మిగిలిందా?

ముందు వరద. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నది మధ్యనున్న లంక ఊళ్ళలో ఈ అంకెలు వానాకాలం అంతా నోట్లో నానుతూ ఉంటాయి. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అరటి తోటలు, కూరగాయ పాదులు, పశువుల మేత అన్నీ పోతాయి. ఆ కష్టాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు. కానీ నీరు తీశాక లంక మీద మెత్తటి ఒండ్రు పొర మిగులుతుంది. లంక పొగాకుకీ, కూరగాయలకీ ఉన్న పేరు ఆ మట్టిదే. అందరికీ ఒండ్రే దక్కుతుందని కూడా కాదు. కొందరి చేలో ఇసక మేట వేస్తుంది. ఏటి మలుపులో బయటి వైపున్న లంక కోతకి గురై కొబ్బరి చెట్లతో సహా గోదాట్లో కలిసిపోతుంది. ఆ మట్టే కింద ఇంకెక్కడో తేలుతుంది. పట్టాదారుకది నిలువునా నష్టం, డెల్టాకి ఎప్పుడూ ఉండే పని.

చేపలకైతే వరద రాకపోతేనే గండం. పులస గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి ఏటికి ఎదురెక్కేది ఎర్రనీరు దిగాకే. ఎక్కుతూ ఎక్కుతూ ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఆగిపోతుంది. యానాం మార్కెట్లో దాని ధర విని నోరెళ్ళబెట్టేవాళ్ళు ఈ సంగతీ గుర్తుపెట్టుకోవాలి.

తుఫాను సంగతి వేరు. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకెళ్ళి తిరిగిరాని మత్స్యకారులెందరో. కొబ్బరి తోటలకి తోటలే పడిపోయాయి. కొబ్బరికి ఎదిగే చోటు ఒక్కటే, మొవ్వు. అది విరిగితే చెట్టు పని అయిపోయినట్టే. కొత్త మొక్క పెట్టి కాపు కోసం అయిదారేళ్ళు ఎదురుచూడాలి.

పోటు నీటి ఉప్పు బురదలో పెరిగే మడ అడవికీ ఆ గాలే తగులుతుంది, తట్టుకునే తీరు వేరు. మడ చెట్టుకి కొమ్మ విరిగితే కొన్నాళ్ళకి మాను మీదే బెరడు చీల్చుకుని చిగుళ్ళు వస్తాయి. అదే అడవిలో పెరిగే ఉప్పు పొన్న అలా కాదు. దాని పాత చెక్క మీంచి చిగురు రాదు, లావు కొమ్మలు పోతే చెట్టు పోయినట్టే లెక్క. అయితే దాని గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తుతుంది. జానెడు పొడవు పచ్చటి మొలక కిందకి వేలాడుతూ ఉంటుంది. రాలినప్పుడు నీరు లేకపోతే అక్కడే బురదలో దిగబడుతుంది, ఉంటే పోటుతో కొట్టుకుపోయి మరోచోట ఒడ్డు పడుతుంది. పెద్ద చెట్లు పడిన చోట ఎండ తగిలి లేత మొక్కలు ఎగబాకుతాయి కూడా. తుఫాను ఈ డెల్టాలోని కోరింగ మడ అడవిని చింపేస్తుంది కానీ పోటూపాటూ ఆపదు. అడవి లేచేది ఆ ఒక్క దారి పట్టుకునే. ప్రాణాల లెక్కలో తుఫానుని మించిన కీడు లేదు, చెట్టూ నీటి లెక్కలో మాత్రం ఇంతకన్నా పెద్ద కీడుంది.

మనిషి చేసినవన్నీ ఒకే రకం కాదని చెప్పడానికి కోనసీమలోని పాశర్లపూడి చాలు. 1995 జనవరి 8న గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేశారు. భయంకరమైన ప్రమాదమే, కానీ మంట ఆరింది, ఆ రోజుతో దెబ్బ కూడా ఆగింది.

రొయ్యల చెరువు ఆగదు. ముందే ఒక మాట: చెరువు తవ్వినవాళ్ళని తిట్టడం నాకు ఇష్టం ఉండదు. మురుగు కాలువలు పూడిపోయి సార్వా మునుగుతుంటే, గిట్టుబాటు లేక 2011లో కోనసీమ రైతులు పంట విరామమే ప్రకటించారు. ఆ స్థితిలో లీజు డబ్బు ముందే చేతిలో పెట్టేవాడు వస్తే ఎవరు కాదంటారు? చెరువుల కథ అంతకుముందే మొదలైంది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య బాగా డబ్బు చూపించింది. దశకం సగానికొచ్చేసరికి తెల్లమచ్చ వైరస్ వచ్చి తుడిచిపెట్టింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ పరిధిలోని చెరువులు తీసేయమంది. తర్వాత 2005లో తీరంలో చెరువుల సాగుకి కొత్త చట్టం, 2009 నుంచి వనామీ అనే మరో రకం రొయ్యకి అనుమతి, మళ్ళీ చెరువులు.

చెరువు చేసేదేంటంటే, గట్టు వేసి పోటుని బయట ఆపేస్తుంది. లోపల నిలబెట్టిన ఉప్పునీరు పక్క చేలోకి ఊరుతుంది. వరి చేను చవుడు బారడం గట్టు పక్క మడి నుంచే మొదలవుతుంది, తర్వాత నూతి నీళ్ళు ఉప్పన. మడ నరికి తవ్విన చోట ఇంకో చిక్కుంది. అక్కడి నల్ల బురదలో గంధకం ఉంటుంది. నీటి కింద ఉన్నంతకాలం దాని జోలి లేదు, ఎండి గాలి తగిలితే పులిసి ఆమ్లంగా మారుతుంది. ఇక రోగం తగిలి చెరువు వదిలేశారనుకోండి, నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తీసుకెళ్తారు గానీ గట్టు అలాగే ఉంటుంది. పోటు లోపలికి రాదు, పడిన వాన ఎండిపోతుంది, ఉప్పు పైకి తేలి తెల్లగా పేరుకుంటుంది. మడ కాయలు గట్టు బయట కాలవలో తేలుతూనే ఉంటాయి, లోపలికి దారి లేదు. అడవి తుఫానుకి పడి లేస్తుంది, గట్టు లోపల లేవడానికి దానికేమీ ఉండదు.

వీటన్నిటికన్నా చప్పుడు లేనిది పైన ఆగిపోతున్న ఒండ్రు. ఎగువన పోచంపాడు, జాయక్వాడి లాంటి రిజర్వాయర్లు కట్టాక నది మోసుకొచ్చే మట్టి సగానికి పైగా పడిపోయింది. 1976 నుంచి 2001 మధ్య డెల్టా అంచున తేలినది పోను, సముద్రం తినేసిందే 18 చదరపు కిలోమీటర్లని లెక్క తేలింది. పుట్టించిన మట్టే రాకపోతే డెల్టా ఎలా నిలుస్తుంది? పెద్ద వరద తెచ్చే మేలు కూడా ఇందువల్లే తగ్గింది. ముంచే నీళ్ళు అన్నే వస్తున్నాయి, వదిలి వెళ్ళే ఒండ్రు తక్కువ. ఇది ప్రకృతి వరదా, మనిషి చేసిన వరదా అంటే విడదీసి చెప్పలేం.

కాబట్టి నా వరస ఇది: డెల్టాకి వరద మేలు, తుఫాను ఓర్చుకోదగ్గది, వదిలేసిన చెరువు కీడు, ఒండ్రు ఆగడం అన్నిటికన్నా కీడు. కాకపోతే చివరిది మన ఊళ్ళో తేలే పని కాదు, చెరువుది తేలుతుంది.

వదిలేసిన చెరువుని ఏం చేయాలన్నదానికి మూడు దారులు చెబుతుంటారు. దాని మానాన వదిలేయడం మొదటిది. గట్టున్నంతకాలం అది దండగ. నర్సరీ మొక్కలు నాటడం రెండోది. ఫోటోలు బాగా వస్తాయి, ఉప్పు తేలిన నేలలో మొక్కలు మాత్రం మాడిపోతాయి. మూడోది నాకు నచ్చినది: గట్టుకి గండి కొట్టి, ఒక పెద్ద కాలవా, దానికి రెండు వైపులా చేప ముల్లులా పిల్ల కాలవలూ తవ్వి పోటూపాటూ ఆడనివ్వడం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పాడైన మడ నేలల్ని ఈ పద్ధతిలోనే బాగుచేశారు. నీరు ఆడితే ఉప్పు కడుక్కుపోతుంది, దగ్గర్లో అడవి ఉంటే కాయలు వాటంతట అవే చేరతాయి. ఒక వానాకాలం చూసి, రాకపోతే అప్పుడు మొక్కలు నాటొచ్చు. ఒక జాగ్రత్త: గండి సముద్రపు కాలవ వైపే కొట్టాలి. వరి చేల వైపు గట్టు కదిలిస్తే పోటు నీరు పక్కవాడి దాళ్వాలోకి పోతుంది, ఆ తగువు మడ మొక్కలకన్నా త్వరగా పెరుగుతుంది.