పది రోజుల ముందు అనుకుని ఆరుగురం స్లొవేనియా వెళ్లొచ్చాం

మేముండేది మ్యూనిక్‌లో. 2024 వేసవిలో ఇంట్లో ఆరుగురం ఉన్నాం: మేమిద్దరం, పదేళ్ల పాప, ఐదేళ్ల బాబు, తెనాలి నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్య. జూలై 29 నుంచే బడికి సెలవులిచ్చేశారు, మా ఆయన సెలవు మాత్రం ఆగస్టు 7 దాకా ఖాయం కాలేదు. ఆ రోజు రాత్రి పిల్లలు పడుకున్నాక లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. పాపకి పారిస్ వెళ్లాలని ఉంది కానీ అక్కడ ఒలింపిక్స్ నడుస్తున్నాయి, మాలాంటి వాళ్లకి అందే రేట్లు కావు. గ్రీస్, స్పెయిన్ చూస్తే ఆరుగురికి విమానం టికెట్లే రెండు వేల యూరోలు దాటుతున్నాయి, సూట్‌కేసులకి మళ్లీ వేరే డబ్బు.

రెండు రాత్రులు అలా తిప్పలు పడ్డాక, ఏ ఊరు బాగుంటుందని వెతకడం మానేసి, మన స్టేషన్ నుంచి మారకుండా రైలు ఎక్కడిదాకా పోతుందో చూద్దాం అన్నారు మా ఆయన. నిజంగా అక్కడే మా దారి దొరికింది. మ్యూనిక్ నుంచి సాల్జ్‌బర్గ్, ఫిలాఖ్ మీదుగా స్లొవేనియా రాజధాని లుబ్లియానాకి నేరుగా రైలుంది, సుమారు ఆరు గంటల ప్రయాణం. పైగా అక్కడ 2007 నుంచి యూరోనే కాబట్టి డబ్బు మార్చుకునే గొడవ లేదు.

వీసా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అత్తయ్యవాళ్లకి భయం పట్టుకుంది, ఇంకో దేశం వెళ్తే మళ్లీ వీసా కావాలేమోనని. వాళ్లది ఒక్క ప్రవేశానికే ఇచ్చిన జర్మన్ షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకి కలిపి ఒకటే వీసా. అయినా షెంగెన్ దేశాల మధ్య ఎంత తిరిగినా ఫర్వాలేదు, బయటికి వెళ్తేనే ఆ ప్రవేశం అయిపోతుంది. క్రొయేషియా కూడా 2023 జనవరి నుంచి షెంగెన్‌లోనే ఉంది, లండన్ వెళ్తే మాత్రం తిరిగి రాలేరు. పాస్‌పోర్టులు, మా నివాస కార్డులు, ఇన్సూరెన్స్ కాగితం అన్నీ ఒక సంచీలో పెట్టుకోండి, ఎందుకంటే జర్మనీలోకి తిరిగొచ్చేటప్పుడు సరిహద్దులో పోలీసులు నిజంగానే చూస్తారు. ఇక హైదరాబాద్ నుంచి ఇలా పది రోజుల ముందు అనుకుని బయల్దేరడం కుదరదు. వీసాకి కనీసం పదిహేను రోజుల ముందు దరఖాస్తు చెయ్యాలి, 2024 జూన్ నుంచి ఫీజు కూడా 90 యూరోలయింది.

తేదీల దగ్గర ఒక చిన్న లాభం దొరికింది. ఆగస్టు 15 ఇక్కడ మేరీమాత పండగ, మా బవేరియా రాష్ట్రంలో చాలా ఊళ్లకి, ఆస్ట్రియా, ఇటలీ, స్లొవేనియాలకి సెలవే, ఆ వారం రేట్లు మండిపోతాయి. మాకేమో 16న వరలక్ష్మీ వ్రతం, అత్తయ్య ఆ రోజు ప్రయాణం వద్దన్నారు. వ్రతం చేసుకుని 17 శనివారం బయల్దేరితే మేం చూసుకున్న అపార్ట్‌మెంట్ రాత్రికి 40 యూరోలు తక్కువకి వచ్చింది. రైలు టికెట్లు జర్మన్ సైట్‌లో కన్నా ఆస్ట్రియా రైల్వే వాళ్ల సైట్‌లో తక్కువకి దొరికాయి, రైలు అదే, సీట్లు అవే. రెండూ చూసుకోండి.

మేం లుబ్లియానా దాకా వెళ్లకుండా లెస్త్సె-బ్లెడ్ అనే స్టేషన్‌లో దిగి, బస్సులో బోహిన్ సరస్సు వైపు వెళ్లాం. బ్లెడ్ సరస్సు ఫొటోలు అందరూ చూసే ఉంటారు, మధ్యలో ద్వీపం, దాని మీద చర్చి. అక్కడ గదుల రేట్లు చూసి వదిలేశాం. బోహిన్ అక్కడి నుంచి ఇంకా లోపలికి, త్రిగ్లావ్ నేషనల్ పార్కులో ఉంటుంది. సరస్సు ఒడ్డున కూడా కాకుండా దానికి ఆరు కిలోమీటర్ల ముందు బోహిన్‌స్కా బిస్త్రిత్సా అనే ఊళ్లో, ఇంటావిడ కింద ఉండి పై అంతస్తు అద్దెకిచ్చే చోట మూడు రాత్రులు తీసుకున్నాం. వంటగదితో సహా రాత్రికి 120 యూరోలు. ఇలాంటి ఇళ్ల ముందు సోబె అని బోర్డుంటుంది, గదులు అని అర్థం. టూరిస్ట్ పన్ను మాత్రం మనిషికింత అని విడిగా కట్టాలి, ఏడేళ్ల లోపు పిల్లలకి లేదు.

అక్కడ ఆదివారాలు సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, 2020లో చట్టం చేశారు. ఆ సంగతి తెలుసు కాబట్టి శనివారం సాయంత్రం దిగగానే ముందు పాలు, పెరుగు, కూరగాయలు కొన్నాం. మా సూట్‌కేసులో చిన్న రైస్ కుక్కర్, సోనా మసూరి నాలుగు కిలోలు, ఆవకాయ, కందిపొడి ఎలాగూ ఉన్నాయి. దీన్ని పీనాసితనం అనుకునేవాళ్లు అనుకోండి, అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు, ఆరుగురం రోజుకి రెండు పూటలు హోటల్లో తింటే ఇంకో వెయ్యి యూరోలు అయ్యేవి.

ఆదివారం పొద్దున్న పులిహోర కలిపి స్టీలు డబ్బాలో సర్దుకుని సరస్సుకి వెళ్లాం. ఒడ్డున రాతి వంతెన, పక్కనే పాత చర్చి. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే మోకాలి లోతులో దిగిన బాబు కాలివేళ్లు, వాటి చుట్టూ తిరిగే చేపపిల్లలు ఒడ్డు మీద నుంచే కనిపించాయి. మామయ్య ప్యాంటు మడుచుకుని ఒక రాయి మీద కూర్చుని రెండు కాళ్లూ నీళ్లలో పెట్టి, “ఏమ్మా, దీనికి టికెట్టు ఎక్కడ కొన్నారు?” అన్నారు. టికెట్ లేదు మామయ్యా, ఊరికే అని చెప్తే చాలాసేపు నమ్మలేదు. ఆ రాయి మీద నుంచి ఆయన మధ్యాహ్నం దాకా లేవలేదు. పులిహోర కూడా అక్కడికే తెచ్చిచ్చాం.

మర్నాడు బ్లెడ్ వెళ్లాం. అందంగా ఉంది, కాదనను, కానీ ఆగస్టులో ఒడ్డంతా జనం. ద్వీపానికి తీసుకెళ్లే ప్లెత్నా అనే చెక్క పడవకి మనిషికింత అని తీసుకుంటారు, అలా కాకుండా తెడ్లతో మనమే నడుపుకునే పడవ గంటకింత అని దొరుకుతుంది. పిల్లల్ని తీసుకుని మేం నలుగురం అందులో వెళ్లాం, ద్వీపం మీద 99 మెట్లు ఎక్కాలి కాబట్టి పెద్దవాళ్లు ఒడ్డునే ఉన్నారు. చర్చి లోపలికి మళ్లీ టికెట్, మేం తీసుకోలేదు. బ్లెడ్‌కి పగటిపూట వచ్చి వెళ్లడం చాలు, అక్కడ బస చెయ్యాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

మంగళవారం లుబ్లియానా. ఈ ట్రిప్పులో మాకు అన్నిటికన్నా పనికొచ్చిన సంగతి ఇక్కడిదే, యూనివర్సిటీ హాస్టళ్లు. జూలై, ఆగస్టుల్లో విద్యార్థులు ఇళ్లకి వెళ్లిపోతారు కాబట్టి కొన్ని హాస్టళ్ల గదులు టూరిస్టులకి అద్దెకిస్తారు. ఆస్ట్రియాలో కూడా ఈ పద్ధతి ఉంది. మూడేసి మంచాలున్న గదులు రెండు, ఒక్కోటి రాత్రికి 65 యూరోలు, నాలుగు రాత్రులు ఉన్నాం. ఏసీ లేదు, మంచాలు సన్నం, వంటగది అంతస్తు మొత్తానికీ ఒకటే. గదిలో కుక్కర్ పెట్టొద్దన్నారు, ఆ వంటగదిలోనే పెట్టుకున్నాం. దుప్పట్లు, బాత్‌రూమ్ మాత్రం చాలా శుభ్రం. పరుపు మెత్తగా లేకపోతే నిద్రపట్టని వాళ్లకి ఇది సరిపడదు, ముందే చెప్తున్నాను.

ఊరి నడిబొడ్డున కార్లు రావు, పిల్లల చెయ్యి వదిలేసి నింపాదిగా నడవచ్చు. నడవలేని పెద్దవాళ్ల కోసం కవలీర్ అని చిన్న కరెంటు బండ్లు తిరుగుతుంటాయి, డబ్బు తీసుకోరు. అత్తయ్య రోజూ ఎక్కారు. డ్రాగన్ వంతెన, మూడు వంతెనలు పక్కపక్కన ఉండే కూడలి, నది ఒడ్డున మార్కెట్, ఇవన్నీ ఒక్క రోజులో అయిపోతాయి. శుక్రవారాలు మార్కెట్ దగ్గర వండి అమ్మే దుకాణాలు పెడతారు, శాకాహారం కూడా దొరుకుతుంది.

మొత్తం ట్రిప్పులో ఖరీదైన టికెట్ పోస్టోయ్నా గుహలది, ఆరుగురికి 135 యూరోలు దాకా అయింది. దగ్గర్లోనే యునెస్కో జాబితాలో ఉన్న ష్కోత్సియాన్ గుహలు ఇంకా చవక, కానీ అక్కడ మెట్లు చాలా, మోకాళ్ల నొప్పులున్నవాళ్లని తీసుకెళ్లలేం. పోస్టోయ్నాలో చిన్న రైలు గుహ లోపలికి తీసుకెళ్తుంది, తర్వాత ఒకటిన్నర కిలోమీటర్లు మంచి బాట మీద నడక. లోపల పది డిగ్రీలకి మించదు, బయట ముప్పై ఉన్నా స్వెట్టర్లు తప్పనిసరి. మామయ్య మన బొర్రా గుహలతో పోలుస్తూ పాపకి సున్నపురాయి కరిగి మళ్లీ ఎలా పేరుకుంటుందో తెలుగులో చెప్తుంటే, నేను గైడ్ మాటలు వినడం మానేసి ఆయన మాటలే విన్నాను.

తిరుగు ప్రయాణంలో తప్పు చేశాం. రైలు టికెట్లు పెరిగిపోయాయని బస్సు తీసుకున్నాం, ఆరుగురికి 170 యూరోలు. శనివారం, సెలవుల నుంచి తిరిగొచ్చే కార్లన్నీ అదే రోడ్డు మీద. ఎండలో బస్టాండులో గంటన్నర నిలబెట్టారు, ఎప్పుడొస్తుందో చెప్పే మనిషి లేడు, బస్సులో టాయిలెట్ పనిచెయ్యలేదు, నాలుగు గంటలు ఆలస్యంగా దింపారు. అత్తయ్య నీళ్లు తాగితే ఇబ్బందని దారంతా తాగలేదు. అది నాకు ఇప్పటికీ బాధే. రైలుకి ఇంకో 150 ఎక్కువ పెట్టాల్సింది.

అన్నీ కలిపి ఏడు రాత్రులకి, ఆరుగురికి, 2,000 యూరోల లోపే అయింది. ఎవరైనా ఇదే దారిలో వెళ్తామంటే, వెళ్లేటప్పుడే రాను పోను రైలు టికెట్లు రెండూ కొనేసి, లుబ్లియానాలో రెండు రాత్రులు తగ్గించి వాటిని బోహిన్‌కి కలపమంటాను. మామయ్య తెనాలి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఆ సరస్సునీ, ఆ రాయినీ తప్ప ఇంకో చోటిని అడగరు.