డ్రమ్ము తిరిగినంత మాత్రాన డ్రయర్ నడుస్తున్నట్టు కాదు

కొన్నేళ్లు వాడాక ఈ డ్రయర్ మీద మిగిలిన కోపం ఒక్కటే: వేడి పోయినా అది చెప్పదు. డ్రమ్ము గిర్రున తిరుగుతూనే ఉంటుంది, ఫ్యాను చప్పుడు మారదు, టైమరు సున్నాకు వచ్చి ఆగుతుంది, బట్టలు మాత్రం అప్పుడే పిండినట్టు బయటికొస్తాయి. తడి గాలిని గొట్టంలోంచి బయటికి వదిలే మామూలు రకం మిషన్ ఇది. లోపల రెండు హీటర్ కాయిళ్లు, ఒక్కోటి 1000 వాట్లు. మిగతాదంతా అట్టపెట్టె మీదే రాసి ఉంటుంది.

హన్మకొండ, కాజీపేట వైపు డ్రయర్ కొనడానికి ముసురు ఒక కారణమైతే, డాబా మీదికొచ్చే కోతులు ఇంకో కారణం. జులై, ఆగస్టుల్లో తువ్వాళ్లు, జీన్సులు, పిల్లల యూనిఫాంలు ముక్కిన వాసన లేకుండా ఆరడంలో దీనికి వంక పెట్టేదేమీ లేదు. కాయిళ్లు రెండుండటం కూడా కొత్తలో బాగా నచ్చింది: పలుచటి బట్టలకు ఒకటి, మందపాటి వాటికి రెండూ. ఇప్పుడు ఆ మెప్పులో కొంత కోత పెట్టాల్సిందే. ఒక కాయిల్ తెగినా రెండోది గోరువెచ్చటి గాలి ఇస్తూనే ఉంటుంది. తలుపు తీసి చెయ్యి పెట్టినవాళ్లకు అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. మొత్తం పోయి ఉంటే ఆ రోజే బయటపడేది.

గంటన్నరలో ఆరే లోడు మూడు గంటలైనా చెమ్మగా ఉందంటే, విప్పే ముందు రెండు సంగతులు చూడాలి. టైమరులో చివరి కొన్ని నిమిషాలు వేడి ఉండదు, బట్టలు చల్లారడానికే అవి. అప్పుడు చెయ్యి పెట్టి హీటర్ పోయిందనుకోవద్దు. రెండోది వాషింగ్ మిషన్ పిండే తీరు. 1200 ఆర్‌పీఎం (నిమిషానికి డ్రమ్ము తిరిగే చుట్లు) దగ్గర పిండితే నూలు బట్టల బరువులో దాదాపు సగం నీళ్లు మిగులుతాయి, 700 దగ్గర ముప్పావు వంతు దాకా మిగులుతాయి. నాలుగు కిలోల లోడులో ఆ తేడా లీటరు. లీటరు నీళ్లు ఆవిరి చేయడానికి ఈ రకం డ్రయర్‌కు సుమారు ఒక యూనిట్ కరెంటు, అంటే రెండు కాయిళ్ల మీద అరగంట పడుతుంది.

ఈ రెండూ కాకపోతే కరెంటు మీటరు దగ్గరికి వెళ్లాలి. ఇంట్లో మిగతావన్నీ ఆపి, డ్రయర్ ఒక్కటే నడిపి, మీటరు మీది ఎర్ర లైటు మెరుపులు ఒక నిమిషం లెక్కపెట్టండి. ఎన్ని మెరుపులకు ఒక యూనిట్టో మీటరు మీదే ఉంటుంది. అది 3200 అయితే, రెండు కాయిళ్లూ మోటరూ కలిపి నిమిషానికి 115 దాటాలి, అంటే సెకనుకు దాదాపు రెండు. 65 దగ్గర ఆగితే ఒక కాయిల్ లేనట్టే. పది, పన్నెండే వస్తే మోటరు ఒక్కటే తిరుగుతోంది. ఏ పరికరమూ లేకుండా చేయగల పరీక్షల్లో ఇంతకంటే మంచిది లేదు.

ఇందులో ఒక చిక్కుంది. లో ఓల్టేజీ కూడా ఇదే వేషం వేస్తుంది. ఓల్టేజీ తగ్గితే కాయిల్ వేడి దాని వర్గంతో (స్క్వేర్‌తో) తగ్గుతుంది. 230 దగ్గర 2000 వాట్లు ఇచ్చేది 180 దగ్గర 1225 మాత్రమే ఇస్తుంది, మెరుపులు 75 చుట్టూ తిరుగుతాయి. అందుకే పక్క సాకెట్‌లో మల్టీమీటర్ (ఓల్టేజీ, ఓమ్స్ కొలిచే చిన్న మీటరు) పెట్టి, డ్రయర్ ఆపినప్పుడు ఒకసారి, నడిచేటప్పుడు ఒకసారి చూడాలి. రెండుసార్లూ తక్కువే ఉంటే లోపం లైనులో ఉంది. మూడు ఫేజుల మీటరున్న ఇంట్లో డ్రయర్‌ను లోడు తక్కువున్న ఫేజుకు మార్పిస్తే చాలావరకు సర్దుకుంటుంది. వ్యవసాయ మోటర్లు, ఇళ్లు ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న చోట మోటర్లు ఆగిన వేళ నడుపుకోవడమే నయం. ఆపినప్పుడు 225 ఉండి, నడిపితే 200కు పడిపోతే ఇంటి వైరింగ్‌లోనే ఎక్కడో లూజు లేదా సన్నటి వైరు ఉంది. 16 ఆంపియర్ల ప్లగ్గు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, అంతకు తక్కువ పనికిరాదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాట ఎత్తకండి.

ఓల్టేజీ 228 ఉండి మెరుపులు 64 వచ్చాయంటే ఇక విప్పాల్సిందే. ప్లగ్గు పీకి, వెనక రేకు తీసి, కాయిల్ టెర్మినల్‌కున్న వైరును ఒక పక్క ఊడదీసి ఓమ్స్ (కరెంటుకు కాయిల్ పెట్టే అడ్డు) కొలవాలి. ఊడదీయకపోతే రెండో కాయిల్ గుండా దారి దొరికి తప్పుడు లెక్క చూపిస్తుంది. 1000 వాట్ల కాయిల్ బాగుంటే 53 ఓమ్స్ చుట్టూ ఉంటుంది, తెగితే ఏమీ చూపించదు. టెర్మినల్ నుంచి మిషన్ బాడీకి కొలిచినప్పుడు మాత్రం ఏమీ చూపించకపోవడమే మంచిది. ఈ మిషన్‌లో కాయిల్ మధ్యలో తెగలేదు, లగ్గు (వైరు కొసకు తొడిగి టెర్మినల్‌కు తగిలించే లోహపు ముక్క) దగ్గర తెగింది. లగ్గు లూజైతే అక్కడ కాక పుడుతుంది, కాకకు ఇంకా లూజవుతుంది, చివరికి టెర్మినల్ నల్లబడి విరుగుతుంది. సర్వీసుకు వచ్చినాయన హీటర్ డబ్బా మొత్తం మార్చాలన్నాడు. అవసరం లేదు, అదే వాట్ల కాయిల్ ఒక్కటి మారిస్తే చాలు. అయితే పాత లగ్గుతోనే బిగిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. వేడికి ఓర్చే లగ్గును క్రింపింగ్ చేయించండి, అంటే వైరు మీద గట్టిగా నొక్కి బిగించడం. సోల్డరింగ్ వద్దు, ఆ వేడికి కరిగిపోతుంది. కాలిన వైరు ముక్క స్థానంలో ఫైబర్ గ్లాస్ వైరే వేయాలి. తెగిన కాయిల్ కొసలను మెలిపెట్టి నడిపే మెకానిక్కులు ఉన్నారు, ఆ ముడి దగ్గరే అది మళ్లీ తెగుతుంది.

కాయిల్ మారాక మెరుపులు 115 దాటాయి. అదే ముసురులో వేడి ఈసారి మొత్తానికే పోయింది. కాయిళ్లు రెండూ బాగున్నాయి, పోయింది హీటర్ డబ్బా మీది థర్మల్ ఫ్యూజు. వేడి మితిమీరితే తెగి హీటర్‌ను ఆపే ముక్క అది, ఒకసారి తెగితే మళ్లీ అతకదు. మల్టీమీటర్ పెడితే బాగున్నది సున్నా దగ్గర చూపిస్తుంది. కొత్తది వేయడం చిన్న పని, ఎందుకు తెగిందో కనుక్కోవడమే అసలు పని.

గాలి తొవ్వ మూసుకుపోతే హీటర్ డబ్బాలో వేడి పెరుగుతుంది, బట్టలకు అందే వేడి తగ్గుతుంది. చాలామంది ఇక్కడే తికమక పడతారు. గాలి కదలక కాయిల్ చుట్టూ కాక పేరుకుంటే థర్మోస్టాట్ కాసేపట్లోనే కాయిల్‌ను ఆపేస్తుంది, చల్లారాక కలుపుతుంది, మళ్లీ ఆపుతుంది. తడి లోడు వేసిన మొదటి పావుగంటలోనే మీటరు మెరుపులు ఇలా హెచ్చుతగ్గులైతే కాయిల్‌ను అనుమానించడం దండగ. చివర్లో, బట్టలు ఆరవచ్చాక అలా అయితే అది సహజమే.

ముందు లింటు జాలీని (బట్టల నూగు పట్టే జాలీ) నల్లా కింద పట్టండి. నీళ్లు దిగకుండా నిలబడితే, కంటికి శుభ్రంగా కనిపించినా, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ జిడ్డు దాని మీద పొరలా పట్టిందన్నమాట. సబ్బు నీళ్లు, పాత టూత్ బ్రష్షు సరిపోతాయి. జాలీ కూర్చునే గాడిలో పడ్డ నూగును వాక్యూమ్‌తో లాగాలి. తర్వాత గొట్టం ఊడదీసి, కిటికీలు తీసి, తడి లోడుతో పావుగంట నడపండి. మెరుపులు ఏకధాటిగా వస్తే దోషం గొట్టానిదే. ఇక్కడ దొరికింది గొట్టం చివర: పావురాలు దూరకుండా కట్టిన దోమల జాలీ, దాని మీద చెయ్యి మందాన తడి నూగు. అక్కడ సన్నటి జాలీ ఎప్పుడూ కట్టొద్దు. గాలికి తెరుచుకుని తనే మూసుకునే రెక్క మూత పెడితే పావురమూ దూరదు, నూగూ ఆగదు. గొట్టం నాలుగంగుళాలది, రేకుది కావాలి, వంపులు తక్కువుండాలి, ప్లాస్టిక్ వద్దు. గొట్టమే లేకుండా తలుపులు మూసిన వాష్ ఏరియాలో నడిపితే మిషన్ తను వదిలిన తడి గాలినే మళ్లీ పీలుస్తుంది. వేడి ఉంటుంది, ఆరడం ఉండదు.

థర్మల్ ఫ్యూజు దగ్గర వైర్లు రెండూ కలిపేసి నడిపించే పద్ధతి ఒకటుంది. డబ్బులు మిగులుతాయని ఒప్పుకోకండి. జిన్నింగ్ మిల్లులున్న జిల్లాల వాళ్లకు పత్తి నూగు ఎంత తొందరగా అంటుకుంటుందో చెప్పనక్కర్లేదు. పాత ఫ్యూజు మీద రాసిన డిగ్రీలు, ఆంపియర్లు కొత్తదాని మీదా అవే ఉండాలి. నూనె మరకల బట్టలు, వరంగల్ కొత్తవాడ జంపఖానాలు (మందపాటి నేత పరుపులు) డ్రమ్ములో వేయొద్దు. మొదటివి అంటుకునే ప్రమాదం, రెండోవి పైన ఆరి లోపల తడిగానే ఉంటాయి, నూగు కూడా బాగా వదులుతాయి.

కొనొచ్చా అంటే ఇంటిని బట్టి. ఓల్టేజీ నిలకడగా ఉండి, వాషింగ్ మిషన్ 1000 పైన పిండేదై, గొట్టం నేరుగా బయటికి తీసే వీలుంటే ముసురు నెలలకు ఇది అక్కరకొస్తుంది. ఎండాకాలంలో దీని ముఖం చూసే పని లేదు. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్లు ముందు లెక్క వేసుకోవాలి: లోడుకు రెండు, మూడు యూనిట్ల చొప్పున వానాకాలంలో నెలకు ఇరవై లోడులు వేస్తే 40 నుంచి 60 యూనిట్లు. నెల వాడకం మొత్తం 200 యూనిట్లు దాటిందంటే ఆ నెల బిల్లు కట్టాల్సిందే. మాకు మీటరు మూడు ఫేజులది, డాబా మీద కోతులు మానవు కాబట్టి మిషన్‌ను ఉంచుకున్నాం. ఆషాఢానికి ముందే జాలీ కడిగి, గొట్టం దులిపి, లగ్గులు బిగించి, సరైన రేటింగున్న థర్మల్ ఫ్యూజు ఒకటి అదనంగా కొని పెట్టుకుంటాం.