ఊళ్లో, హైవే మీద, ట్రాక్ మీద ఒకటే టైరు: నా స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌తో చాన్నాళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తున్నా, విజయనగరం శ్రీకాకుళం వైపు ఉంటూ కారుని రేసు ట్రాక్ మీద తోలే సరదా ఉన్నోళ్లు టైరు కొనేటప్పుడు ట్రాక్ కన్నా ముందు దారి గురించి ఆలోచించాలి. లెక్క చూడండి, నేను వెళ్లే ట్రాక్ చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉంది, ల్యాప్ 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. విజయనగరం నుంచి అక్కడికి దాదాపు 850 కిలోమీటర్లు, రానూపోనూ 1700. ట్రాక్ డే రోజు, అంటే మన సొంత కారుని ట్రాక్ మీద తోలనిచ్చే రోజు, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎంత తోలినా 100 కిలోమీటర్లు దాటడం కష్టం, ఎందుకంటే సెషన్‌కి ఓ పావుగంట ఇరవై నిమిషాలు ఇస్తారు, మధ్యలో బ్రేకులు చల్లారాలి, టైర్లు చల్లారాలి, మనిషీ చల్లారాలి. అంటే ఆ 100 కోసం 1700 కిలోమీటర్లు ఇబ్బంది పెట్టే టైరు వేసుకోవాలా అన్నదే అసలు ప్రశ్న. కారుని ట్రక్కు మీద ఎక్కించి పంపే స్తోమత ఉంటే వేరే సంగతి, నాకు లేదు, పైగా ఎన్‌హెచ్ 16 మీద తెల్లారకుండా బయల్దేరి తుని దాటేసరికి సూర్యుడొచ్చే ఆ డ్రైవ్ అంటే నాకు ప్రాణం.

నా కారు 230 హార్స్‌పవర్ ఆర్‌ఎస్. చూడ్డానికి నాలుగు డోర్ల సెడానే గానీ నడిపితే స్పోర్ట్స్ కారే. ముందు చక్రాలే లాగుతాయి, ముందు చక్రాలే తిరుగుతాయి, బ్రేక్ కొట్టినప్పుడు బరువంతా వాటి మీదకే వస్తుంది, కాబట్టి ముందు టైర్ల మీద పడే పని మామూలుది కాదు. సైజు 225/45 ఆర్17, అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్క గోడ (సైడ్‌వాల్) ఎత్తు అందులో 45 శాతం, చక్రం 17 అంగుళాలు. కారుతో వచ్చిన సెట్ అరిగాక నేను వేసుకున్నది మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 (పీఎస్4), అదీ 94వై ఎక్స్‌ట్రా లోడ్, అంటే మామూలు దానికన్నా ఎక్కువ బరువు మోసేది. ఆ సెట్ పూర్తిగా అరగదీసి మళ్లీ అదే వేయించుకుని అది కూడా సగం పైన అయిపోయింది, అందుకే ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నా.

94 అంటే ఒక్కో టైరు 670 కిలోలు మోస్తుందని అర్థం, 91 అయితే 615. వై అంటే గంటకి 300 దాకా రేటింగ్. మనం 300 వెళ్తామా అని అడుగుతారు, వెళ్లం, కానీ ట్రాక్ మీద మలుపులో అడ్డంగా పడే బరువు, వేడి తట్టుకోవాలి కదా, ఆ మార్జిన్ కోసం చూస్తా నేను.

18 అంగుళాల చక్రాలకి మారమని చాలామంది చెప్పారు, లుక్ బావుంటుంది నిజమే. కానీ 225/45 ఆర్17లో సైడ్‌వాల్ ఎత్తు 101 మిల్లీమీటర్లు ఉంటుంది, 225/40 ఆర్18 అయితే 90కి పడిపోతుంది. ఆ పోయిన 11 మిల్లీమీటర్ల విలువ తెలియాలంటే వానాకాలంలో చీపురుపల్లి వైపు ఓసారి తోలండి. టిప్పర్లు తిరిగి తిరిగి రోడ్డు అంచులు కొరుక్కుపోయి ఉంటాయి, నీళ్లు నిలిస్తే గుంత ఎంత లోతో కనపడదు. నా మొదటి సెట్‌లో ఒక టైరుకి అలాగే ఓ కల్వర్టు దాటగానే గుంతలో పడి సైడ్‌వాల్ ఉబ్బింది, బుడిపె వచ్చిందంటే లోపల దారాలు తెగినట్టే, ఇంక ఆ టైరుతో ట్రాక్ మాట అటుంచి ఊళ్లో కూడా తిరక్కూడదు, మార్చేశా. 18 అయితే ఎలాయ్ కూడా పోయేదని నా నమ్మకం.

ఇక సెమీ స్లిక్కుల సంగతి, అంటే గాడులు బాగా తక్కువుండే ట్రాక్ టైర్లు. శ్రీకాకుళంలో నా ఫ్రెండ్ ఒకడికి ఇదే కారు ఉంది, వాడు ట్రాక్ టైమ్ కోసం మెత్తటి రబ్బరు సెమీ స్లిక్ సెట్ తెప్పించాడు, ఏ కంపెనీ అన్నది అనవసరం, టైరు తప్పేం లేదు, అది పుట్టిందే ట్రాక్ కోసం. మా పంక్చర్ షాపాయన దాని మీద వేలు పెట్టి నొక్కి "ఏటి బాబూ ఇది, రబ్బరు బంకలాగున్నాది, మన గులకరోడ్డు మీద ఆగుతాదా" అన్నాడు. ఆయన అన్నట్టే అయింది. క్వారీ లారీల నుంచి రాలిన చిన్న కంకర మొత్తం ఏరుకుని ఫెండర్ లోపల టపటపా కొడుతూనే ఉండేది. ట్రాక్ మీద మాత్రం, వేడెక్కాక, నాకన్నా ఎంతో లేటుగా బ్రేక్ కొట్టేవాడు, మలుపులో కారు పట్టాల మీద పోయినట్టు పోయేది, అది ఒప్పుకోవాల్సిందే. తిరిగొచ్చేటప్పుడు ఒంగోలు దాటాక కుండపోత వాన పట్టుకుంది. నేను 80లో నిమ్మళంగా వస్తున్నా, వాడు 50 దాటించలేకపోయాడు, నీళ్లు కనపడితే చాలు స్టీరింగ్ తేలిపోతోందని ఫోన్. కారణం సింపులే, ఆ టైర్లకి గాడులు తక్కువ, లోతూ తక్కువ, నీళ్లు పక్కకి పోయే దారుండదు, పైగా ఆ రబ్బరు బాగా వేడెక్కితేనే పట్టు ఇస్తుంది, వానలో అంత వేడి ఎక్కడ్నుంచి వస్తుంది?

మనది తుఫాన్ల ఏరియా అన్న సంగతి మర్చిపోకూడదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు, తిత్లీ 2018 అక్టోబరు, గులాబ్ 2021 సెప్టెంబరు. వానలో నిలబడని టైరు మనకి ఏడాదిలో సగం రోజులు పనికిరాదు. పీఎస్4కి మధ్యలో పొడుగ్గా వెడల్పాటి గాడులుంటాయి, నిలిచిన నీళ్ల మీద అది ఇచ్చే నమ్మకమే నేను మళ్లీ అదే కొనడానికి మొదటి కారణం. చట్టం ప్రకారం గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి తగ్గేదాకా వాడొచ్చు గానీ నేను మాత్రం 3 దగ్గరకి రాగానే వానాకాలం ముందు మార్చేస్తా, ఆ కింద నీళ్ల మీద తేడా స్పష్టంగా తెలిసిపోతుంది.

మనకే ఉండే ఇంకో సమస్య, కోతల టైమ్‌లో పల్లెల్లో రోడ్డు మీద ఉలవలు, చోళ్లు పరిచేస్తారు, బళ్లు తొక్కితే గింజ రాలుతుందని. దాని మీద ఏ టైరైనా జారుతుంది, లక్షలు పెట్టి కొన్నా సరే. అక్కడ బ్రేక్ జోలికి పోకుండా ముందే స్పీడు తగ్గించి స్టీరింగ్ నిటారుగా పెట్టుకుని దాటడం తప్ప వేరే దారి లేదు.

ట్రాక్ మీద ఈ టైరు ఎలా ఉందో చెప్తా, ఇక్కడే అందరికీ డౌట్లు. మొదటి ల్యాప్ నుంచే పట్టు ఉంటుంది, రెండు మూడు ల్యాపులు చాలా బావుంటుంది, ఆ తర్వాత రబ్బరు వేడెక్కి మెల్లగా ముందు భాగం బయటికి జారడం మొదలెడుతుంది. ఇది ఏ స్ట్రీట్ టైరుకైనా ఉండే గుణమే. కాకపోతే జారేముందు చెప్పి జారుతుంది, చప్పుడు పెరుగుతుంది, స్టీరింగ్ తేలికవుతుంది, కొత్తగా ట్రాక్ నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి గురువు దొరకదు. నేను మూడు ల్యాపులు గట్టిగా, ఒకటి నెమ్మదిగా, ఇలా తోలతా.

గాలి విషయం చాలా ముఖ్యం, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. చల్లగా ఉన్నప్పుడు 33 పాయింట్లు ఉన్న టైరు చెన్నై ఎండలో ట్రాక్ మీద ఓ నాలుగు ల్యాపులు తిరిగొచ్చాక 40 చూపిస్తుంది. 40లో టైరు మధ్యలో ఉబ్బి అంచులు నేలని సరిగ్గా తాకవు, పట్టు పోతుంది. అందుకని పిట్‌లోకి రాగానే వేడి మీదే ముందు టైర్లు 37కి దించుతా. ఎంత దించాలో మీ కారుకి మీరే తెలుసుకోవాలి, దానికి చాక్‌పీస్ చాలు, టైరు అంచు మీద అడ్డంగా గీత గీసి తోలి రండి, గీత ఎక్కడిదాకా చెరిగిందో చూడండి, సైడ్‌వాల్ మీదకి కూడా చెరిగిపోతే గాలి తక్కువైనట్టు, అంచు దాకా రాకపోతే ఎక్కువైనట్టు. సాయంత్రం టైర్లు పూర్తిగా చల్లారాక మళ్లీ డోర్ దగ్గర స్టిక్కర్‌లో ఉన్నంత నింపకుండా హైవే ఎక్కొద్దు, తక్కువ గాలితో 100లో గంటలు గంటలు తోలితే సైడ్‌వాల్ నలిగి వేడెక్కి పేలే ప్రమాదం ఉంది. సొంత గేజ్, చిన్న గాలి పంపు, టార్క్ రెంచ్, ఈ మూడూ డిక్కీలో ఉండాలి. ఈ కారు వీల్ బోల్టులు టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకి బిగించాలి, ట్రాక్‌కి ముందూ తర్వాతా రెండుసార్లూ చూస్తా. నైట్రోజన్ గురించి అడుగుతుంటారు, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, తేమ లేని గాలి దొరికితే నాకు చాలు.

ఆ ట్రాక్ క్లాక్‌వైజ్, బరువంతా ఎడమవైపు టైర్ల మీద పడుతుంది. మెయిన్ స్ట్రెయిట్ తర్వాత కుడికి తిరిగేటప్పుడు ముందు ఎడమ టైరు బయటి అంచు కళ్లముందే అరుగుతుంది. పీఎస్4 అసిమెట్రిక్ డిజైన్, లోపలి వైపు బయటి వైపు అని ఉంటుంది గానీ ఎడమ కుడి అని ఉండదు, కాబట్టి చక్రాలు అటు ఇటు మార్చుకోవచ్చు. బాణం గుర్తు ఉన్న డైరెక్షనల్ టైరు అయితే ఎలాయ్ నుంచి విప్పి మళ్లీ ఎక్కిస్తే తప్ప పక్క మార్చలేం. ఒక్క వైపే తినేసే ట్రాక్‌కి వెళ్లేవాళ్లకి ఇది చాలా డబ్బు మిగిల్చే విషయం, కొనేముందు తప్పకుండా చూసుకోండి.

ట్రెడ్‌వేర్ నంబర్, అంటే టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె, చూసి కొనేవాళ్లకి ఒక మాట. పీఎస్4 మీద 320 ఉంటుంది, సెమీ స్లిక్కుల మీద 200, 180, ఇంకా తక్కువ కూడా. నంబర్ తగ్గేకొద్దీ మెత్తన అనుకోవచ్చు గానీ ఆ టెస్ట్ ఏ కంపెనీ టైరుకి ఆ కంపెనీయే చేసుకుంటుంది, ఒక కంపెనీ 300ని ఇంకో కంపెనీ 300తో పోల్చడం కుదరదు.

దొరకడం మాత్రం కష్టమే. 2020 జూన్‌లో కార్ల టైర్ల దిగుమతికి లైసెన్స్ పెట్టాక బయటి బ్రాండ్ల సైజులు ఒకటుంటే ఒకటుండట్లేదు. విజయనగరంలో దొరక్క వైజాగ్ వెళ్లి వేయించుకుంటా, లో ప్రొఫైల్ టైరు ఎలాయ్ గీసుకోకుండా ఎక్కించే మెషీన్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి అడిగి వెళ్లండి. షాపులో సైడ్‌వాల్ మీద డీఓటీ అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడండి, 1423 అంటే 2023లో 14వ వారం తయారైందని. ఏడాది దాటిన స్టాక్ ఉంటే నేను తీసుకోను, ట్రాక్ వాడకానికి రబ్బరు తాజాగా ఉండాలి. ఐఎస్ఐ మార్క్ ఉందో లేదో కూడా చూసుకోండి.

ట్రాక్‌కి దగ్గర్లో ఉండేవాళ్లు, లేదా రెండో సెట్ ఎలాయ్స్ కొనగలిగి అక్కడే ఎక్కడైనా దాచుకోగలిగేవాళ్లు సెమీ స్లిక్ వాడండి, నేనే వాడమంటా. ఎస్.కోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఘాట్, సాలూరు దాటాక ఒడిశా వైపు ఘాట్, మధ్యలో ఆఫీసు, స్కూలు, పెళ్లిళ్లు, ఎప్పుడో ఓసారి చెన్నై, ఇలా నాలాగా అన్నిటికీ ఒకటే సెట్ అయితే ఈ టైరే. ఈ వానాకాలం అయ్యాక నా సెట్‌లో ముందు రెండూ మార్చాలి, కొత్తవి వెనక్కి వేసి వెనకవి ముందుకి తెస్తా, ఎందుకంటే తడి రోడ్డు మీద వెనక భాగం తిరిగిపోతే సర్దుకోవడం చాలా కష్టం.