ఉప్పుగాలి లైన్ల మీద 11 కేవీ పాలిమర్ పిన్నులు: పదేళ్ల వాడకం తర్వాత

రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లకు కరెంటు ఇచ్చే 11 కేవీ (కిలోవోల్టుల) లైన్లలో, స్తంభం మీద తీగను మోస్తూ కరెంటు కిందికి దిగకుండా ఆపే పింగాణీ పిన్ ఇన్సులేటర్లు తీసి పాలిమర్‌వి వేసి పదేళ్లు దాటింది. సముద్రానికి దగ్గరి లైన్లకు ఇవే వేసుకోమని గట్టిగా చెబుతాను. అయితే కేటలాగ్‌లో పెద్ద అక్షరాలతో వేసే క్రీపేజ్ అంకెను చూసి కొనకండి.

క్రీపేజ్ అంటే కండక్టర్ (లైను తీగ) నుంచి కింది ఇనుప పిన్ను దాకా ఇన్సులేటర్ ఒంటి మీదుగా లీకేజీ పాకాల్సిన దూరం. 11 కేవీ లైను గరిష్ఠ వోల్టేజీ 12 కేవీ. కాలుష్యం ఎక్కువున్న చోట కిలోవోల్టుకు 25 మి.మీ. చొప్పున 300, మరీ తీవ్రమైతే 31 చొప్పున 372 మి.మీ. కావాలి. పాత పింగాణీ పిన్నుకు ఉండేది 230 దగ్గర. చలికాలంలో తెల్లవారుజామున మంచుకు ఉప్పుపొర తడిసి లీకేజీ మొదలవుతుంది. ఆ వేడికి పొర అక్కడక్కడ పట్టీలుగా ఆరిపోతుంది. వోల్టేజీ అంతా ఆ కాస్త పొడిచోటు మీదే పడి చిటపటలాడుతుంది, చివరికి ఫ్లాష్‌ఓవర్ అయి (కరెంటు ఇన్సులేటర్ పైనుంచి నిప్పులా దూకి) ఫీడర్ ట్రిప్ అవుతుంది, అంటే ఆ లైను మొత్తం ఆగిపోతుంది.

మేం వేసినవి 320 మి.మీ. రకం. ఆ అదనపు 90 మి.మీ. సాయం కొంతే, అసలు పని చేసేది సిలికాన్ రబ్బరు. దాని మీద నీళ్లు తామరాకు మీద బొట్టుల్లా విడివిడిగా నిలుస్తాయి. రబ్బరులోంచి ఊరే సిలికాన్ నూనె పైన పట్టిన మురికిలోకి కూడా ఎక్కుతుంది కాబట్టి ఆ మురికీ నీటిని అంటనివ్వదు. రోజుల తరబడి తడి ఆరకపోతే ఈ గుణం తగ్గుతుంది, ఆరాక తిరిగొస్తుంది. పాలిమర్ ఇన్సులేటర్లలో వాడే మరో రకమైన ఈపీడీఎం రబ్బరుకు మురికిని మార్చే ఈ శక్తి లేదు. అందుకే ఇండెంట్‌లో (సామాను కోరే పత్రంలో) ఉత్త ‘పాలిమర్’ అని రాయకూడదు, ‘సిలికాన్ రబ్బరు’ అని రాయాలి.

పిడుగుల విషయంలోనూ తేడా తెలుస్తుంది. పింగాణీ పిన్నులో తీగ కూర్చునే పైగాడికీ లోపలి ఇనుప పిన్నుకూ మధ్య మందం తక్కువ, సర్జ్ (పిడుగుకు ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ) అక్కడ లోపలి నుంచే చిల్లు పొడుస్తుంది. వెంట్రుకవాసి పగులు కింది నుంచి కనపడదు: ఎండలో లైను నిలుస్తుంది, తుంపర పడగానే పోతుంది. లైన్ క్లియర్ (కరెంటు ఆపించి లైను మీద పనికి ఇచ్చే అనుమతి) తీసుకుని, ఏబీ స్విచ్‌ల (పోల్ మీద లైనును విడదీసే స్విచ్‌లు) దగ్గర ముక్కలుగా విడదీసి, ఇన్సులేషన్ కొలిచే 5 కేవీ మెగ్గర్ పెట్టుకుంటూ వెతకాల్సిందే. పాలిమర్‌లో రెండు లోహపు కొసల మధ్య ఉన్నది నిండు ఫైబర్‌గ్లాస్ కడ్డీ, కాబట్టి చిల్లు పడే దగ్గరి దారి లేదు.

చెడిపోయేది రబ్బరు, లోహం కలిసే చోట. అక్కడి సీలు వదిలితే తడి కడ్డీలోకి దిగి, లోపల బొగ్గుచార పడి ఒకరోజు తెగుతుంది. ఈ లోపం మొదట్లో మెగ్గర్‌కు కూడా దొరక్కపోవచ్చు. సగం నష్టం స్టోర్‌లోనే జరుగుతుంది: ప్యాకింగ్‌ను కత్తితో కోసేటప్పుడు రబ్బరుకు గాటు పడుతుంది, ఎలుకలు కొరుకుతాయి. పోల్ మీదికి తాడుతో లాగేటప్పుడు లోహపు కొసకే కట్టాలి, రబ్బరు గొడుగులకు కాదు. లైను 10 డిగ్రీలకు మించి తిరిగేచోట పిన్ను వేయకండి, కడ్డీ వంగుతుంది. అక్కడ కట్ పాయింట్ చేసి (తీగను రెండు వైపులా విడిగా లాగి కట్టి) డిస్కులు (ఆ లాగుడు భరించే ఇన్సులేటర్లు) పెట్టాలి. తీగను ఇన్సులేటర్‌కు కట్టే బైండింగ్‌కు కండక్టర్ లోహమే వాడాలి, అంటే అల్యూమినియం తీగే.

ఏటా వర్షాకాలం ముందు లైన్ క్లియర్ తీసుకుని, ఎర్త్ రాడ్లు (తీగను భూమికి కలిపే కడ్డీలు) వేశాక, స్ప్రే సీసాతో అడుగు లోపు దూరం నుంచి 20, 30 సార్లు నీళ్లు చల్లి చూడండి. గుండ్రటి బొట్లు నిలిస్తే బాగున్నట్టు. నీరు పొరలా పరుచుకుంటే ఎండిన కొన్నాళ్లకు మళ్లీ చూసి, అప్పుడూ అలాగే ఉంటే మార్చాలి. రబ్బరు చీలి తెల్లటి కడ్డీ కనిపిస్తే మాత్రం టేపు చుట్టి సరిపెట్టకండి, ఆ లైన్ క్లియర్‌లోనే తీసేయండి.