ఆరేళ్లుగా గ్రాంప్స్ వాడాక నా అభిప్రాయం

కుటుంబ చరిత్ర సేకరించడం నాకు నోట్‌బుక్‌తో మొదలైంది. అది నిండాక ఎక్సెల్‌లోకి ఎక్కించాను. డెబ్భై మంది వరకూ బాగానే సాగింది. ఆ తర్వాత ఎవరు ఎవరి పిల్లలో వెతుక్కోవడానికే సాయంత్రాలన్నీ సరిపోయేవి. అప్పుడు గ్రాంప్స్ అనే వంశవృక్ష ప్రోగ్రామ్‌కి మారాను. ఆరేళ్లయింది, ఇప్పుడు అందులో 640 మంది ఉన్నారు.

ఇది ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. 2001లో మొదలైంది, వాలంటీర్లే అభివృద్ధి చేస్తున్నారు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. అకౌంట్ అక్కర్లేదు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది, వివరాలన్నీ మన కంప్యూటర్‌లోనే ఉంటాయి. ఆ చివరి మాట నాకు చాలా ముఖ్యం. అంతకుముందు అందరూ కలిసి పెంచే ఒక ఆన్‌లైన్ వంశవృక్షంలో మా ముత్తాతను చేర్చాను. రెండు నెలలకి చూస్తే ఎవరో ఆయనకి వేరే తల్లిదండ్రుల్ని తగిలించారు. ఆధారం ఏమిటని రెండుసార్లు అడిగాను, జవాబు రాలేదు.

గ్రాంప్స్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది ఆధారాలు నమోదు చేసే పద్ధతి. ఒక రిజిస్టర్‌ని ఒక్కసారే 'సోర్స్'గా ఎక్కిస్తాం. అందులో ఏ పేజీలో ఏ వివరం దొరికిందో 'సైటేషన్'గా రాసి ఆ మనిషికో, పుట్టుకకో, పెళ్లికో తగిలిస్తాం. ప్రతి సైటేషన్‌కీ మనకెంత నమ్మకమో కూడా గుర్తు పెట్టుకోవచ్చు. చాలా తక్కువ నుంచి చాలా ఎక్కువ దాకా ఐదు స్థాయిలున్నాయి.

ఉదాహరణకి మా అమ్మమ్మ పుట్టిన సంవత్సరం. మరణ ధ్రువపత్రంలో రాసిన వయసుని బట్టి లెక్కేస్తే 1926. బడి రిజిస్టర్‌లో 1929. ఆవిడ అక్క రాసిన ఒక ఉత్తరంలో 'నాకంటే ఐదేళ్లు చిన్నది' అని ఉంది, దాన్ని బట్టి 1931. ఎక్సెల్‌లో అయితే ఏదో ఒకటి ఎంచుకుని మిగతావి చెరిపేసేదాన్ని. ఇక్కడ మూడూ ఉన్నాయి, మూడింటి పక్కనా కాగితం ఫొటో ఉంది. తేదీ గడిలో '1926కి, 1931కి మధ్య' అని పెట్టే వీలుంది, నేను అలాగే పెట్టాను. రేపు ఇంకో కాగితం దొరికితే మళ్లీ మొదటి నుంచి తవ్వక్కర్లేదు.

టూల్స్ మెనూలో డేటాని సరిచూసే సాధనం ఒకటుంది. మొదటి మూడేళ్లూ దాన్ని నేను ముట్టుకోలేదు, అది పొరపాటే. ఒకరోజు నడిపిస్తే ఒక హెచ్చరిక వచ్చింది: ఒక కొడుకు తల్లి చనిపోయిన తర్వాత పుట్టాడు. తల్లి మరణం 1934, కొడుకు పుట్టింది 1936. అంకె తప్పు కొట్టానేమో అనుకుని రెండు కాగితాలూ తీసి చూశాను. రెండూ సరిగ్గానే ఉన్నాయి. మా పెద్దమ్మకి ఫోన్ చేశాను. 'అవునే, చిన్నవాడు రెండో ఆవిడ కొడుకు కదా! ఇద్దరి పేరూ ఒకటే. నువ్వెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు' అంది. మూడేళ్లపాటు నా ఫైల్‌లో ఇద్దరు ఆడవాళ్లు ఒక్కరిగా ఉన్నారు. ఆ రాత్రి ఆ రెండో ఆవిడని వేరే మనిషిగా ఎక్కించి, కొడుకుని ఆవిడకి కలిపాకే పడుకున్నాను.

చార్టుల్లో విసనకర్ర ఆకారంలో ఉండే ఫ్యాన్ చార్ట్ నాకిష్టం. ఐదు తరాలు వెనక్కి వెళ్తే ఆ వరుసలో 32 మంది ఉండాలి, నాకు 19 గడులు నిండాయి. తర్వాత ఎవరి గురించి వెతకాలో ఆ ఖాళీలే చెప్తాయి.

ఇబ్బందులు లేకపోలేదు. మొదటి నెల కొంచెం టెన్షన్ పెడుతుంది. మనిషి, కుటుంబం, సంఘటన, స్థలం, సోర్స్, సైటేషన్ అన్నీ వేర్వేరు రికార్డులు. ఒక్క పుట్టుక ఎక్కించడానికి నాలుగైదు విండోలు తెరవాలి. వారాంతంలో గబగబా ఒక చెట్టు గీసి బంధువులకి పంపాలనుకునేవారికి ఇది సరిపోదు, ఇంకా తేలికైనవి ఉన్నాయి. ఇది డెస్క్‌టాప్ ప్రోగ్రామ్, కాబట్టి పెద్దవాళ్ల పక్కన కూర్చున్నప్పుడు నేను ఫోన్‌లో రికార్డ్ చేసుకుని ఇంటికొచ్చాక ఎక్కిస్తాను. బ్రౌజర్‌లో నడిచే గ్రాంప్స్ వెబ్ విడిగా ఉంది, కానీ దాన్ని సర్వర్ మీద పెట్టుకోవాలి. నేనింకా ఆ పని చేయలేదు.

వేరే ప్రోగ్రామ్ వాడే మా అన్నయ్యకి జెడ్‌కామ్ (GEDCOM) అనే ఫార్మాట్‌లో ఫైల్ పంపుతుంటాను. కుటుంబ వృక్షాల ప్రోగ్రాములన్నీ దాదాపు దాన్ని చదవగలవు. కాకపోతే గ్రాంప్స్ సొంత ఫైల్‌లో ఉన్న వివరాలన్నీ అందులోకి వెళ్లవు, అందుకే అసలు ఫైల్ ఎప్పుడూ నా దగ్గరే దాచుకుంటాను. ఎగుమతి చేసేటప్పుడు బతికున్నవాళ్ల వివరాలు వదిలేసే ఆప్షన్ ఉంది. దయచేసి దాన్ని వాడండి. పిల్లల పుట్టిన తేదీలు ఎవరెవరి చేతుల్లోకో వెళ్లకూడదు.

కొత్త పెద్ద వెర్షన్‌కి మారేముందు బ్యాకప్ తప్పనిసరి. ఒకసారి కొత్తదాంట్లో తెరిచి డేటాబేస్‌ని మార్చాక, పాత వెర్షన్‌లో అది తెరుచుకోదు. నేను ప్రతి ఆదివారం ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లోకి తీస్తాను, ఇంకో కాపీ మా చెల్లి దగ్గర ఉంటుంది.